కండ పెంచే మందులూ, మన సందేహాలూ

ఆ మధ్య ఒక మహిళా సంఘం సమావేశంలో ఆరోగ్యం గురించి మాట్లాడుకుంటున్నాం. రక్తహీనత, తెల్లబట్ట, గర్భసంచి ఆపరేషన్లు, ఎప్పుడూ వచ్చే విషయాలే వచ్చాయి. చివర్లో అరవై దాటిన ఒకామె, జీవితమంతా నాట్లూ కలుపులూ చేసిన మనిషి, "నాకే రోగమూ లేదమ్మా. కింద కూచుంటే లేవలేకపోతున్నా. తొడల్లో సత్తువ లేదు. దానికి మందు లేదా?" అని అడిగింది. ఆస్పత్రికి వెళ్తే వయసైపోయింది, ఇంతే అని చెప్పి కాల్షియం బిళ్లలు చేతిలో పెట్టి పంపించారట. సమావేశం అయిపోయాక, డిగ్రీ చదువుతూ కబడ్డీ ఆడే అమ్మాయి ఒకతి నన్ను పక్కకి పిలిచి సంచిలోంచి ఒక డబ్బా తీసి చూపించింది. జిమ్‌లో ఒకాయన ఇచ్చాడట. స్టెరాయిడ్ కాదట, దానికన్నా మంచిదట. అమెరికాలో కనిపెట్టారట. కండ పెరుగుతుందిగానీ గడ్డాలూ మీసాలూ రావట. "వేసుకోమంటారా అక్కా?" అంది.

ఆ రోజు ఇద్దరికీ నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి ఆ డబ్బా మీది పేరు పట్టుకుని చదవడం మొదలుపెడితే తెలిసింది, ఆ ఇద్దరూ అడిగింది ఒకే మందు గురించి అని.

డబ్బా మీద ఆస్టరిన్ అని ఉంది. వైద్య పరిశోధనల్లో దీన్ని ఎనోబోసార్మ్ అంటారు. టెస్టోస్టెరాన్, దానిని పోలిన స్టెరాయిడ్లు శరీరమంతటా పనిచేస్తాయి. ఇది ఎక్కువగా కండరాల్లో, ఎముకల్లో మాత్రమే పనిచేయాలని తయారుచేసిన రసాయనం. ఈ కుటుంబం మొత్తాన్ని సార్మ్స్ అని పిలుస్తున్నారు. 2011లో వెలువడిన ఒక పరీక్షలో 60 దాటిన మగవాళ్లూ ముట్లుడిగిన ఆడవాళ్లూ కలిసి 120 మంది ఉన్నారు. 12 వారాల తర్వాత, ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్లకి కండ కిలోకి పైగా పెరిగింది, మెట్లెక్కే శక్తి మెరుగైంది. తొడల్లో సత్తువ లేదన్న ఆమె లాంటివాళ్లని దృష్టిలో పెట్టుకుని చేసిన పనే అది. ఆ తర్వాత ఊపిరితిత్తుల కాన్సర్‌తో కండ కరిగిపోతున్న రోగుల మీద పెద్ద పరీక్షలు చేశారు. 2013లో ఫలితాలొచ్చాయి. కండ కొంత నిలబడిందిగానీ, దానివల్ల రోగి పనిచేసుకోగల శక్తి పెరిగిందని రుజువు కాలేదు. దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోయే స్త్రీల మీద చేసిన పరీక్ష ఫలితం 2018లో వచ్చింది. మందు లేని ఉత్తి మాత్రకీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాన్పుల తర్వాత ఏళ్ల తరబడి ఈ బాధని ఎవరికీ చెప్పుకోకుండా మోసే స్త్రీలు మన మధ్య ఎంతమందో మనకి తెలుసు. అందుకే ఆ వార్త చదివినప్పుడు నాకు నిజంగానే బాధేసింది.

సార్మ్స్‌లో ఒక్కదానికి కూడా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇప్పటిదాకా అనుమతి ఇవ్వలేదు. అయినా అవసరమున్న ముసలామెకి అందని మందు, అవసరమే లేని పంతొమ్మిదేళ్ల పిల్ల చేతికి డబ్బాలో వచ్చేసింది. నన్ను ఆలోచనలో పడేసింది ఇదే.

కండ అనగానే అద్దం ముందు చేతులు బిగించి చూసుకునే కుర్రాళ్లు గుర్తొస్తారు గనక, ఇది మన సమస్య కాదని తోసేయడం తేలిక. కానీ మన పనంతా కండతోనే నడుస్తుంది. బిందె ఎత్తడం, బిడ్డని చంకనేసుకోవడం, వంగి నాటడం, మంచాన పడ్డ అత్తగారిని పక్కకి తిప్పడం. చిన్నప్పటినుంచీ అందరూ తిన్నాక మిగిలింది తిని, బరువులు మోసి, కాన్పుల మీద కాన్పులు కని, అరవైకి వచ్చేసరికి ఆ కండ నిల్వ ఎంత మిగులుతుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత ఉంది. రక్తాన్నయినా కొలిచారు. కండని కొలిచిన సర్వే ఏదీ నా కంటబడలేదు. బాత్రూంలో జారిపడి తుంటి విరిగితే ఆ ముసలామె మళ్లీ లేచి తిరగడం ఎంత కష్టమో చూసినవాళ్లు, కండ పెంచే మందుని విలాసం అనలేరు.

ఇంకో రకం తల్లులున్నారు. డుషేన్ అనే కండర క్షీణత వ్యాధి దాదాపు మగపిల్లలకే వస్తుంది. ఆ లోపం ఉన్న జన్యువు చాలా సందర్భాల్లో తల్లి నుంచి వస్తుంది. సుమారు మూడోవంతు సందర్భాల్లో తల్లిలో ఏమీ లేకుండానే బిడ్డలో కొత్తగా పుడుతుంది. ఈ చివరి మాట ఆ ఇళ్లల్లో ఎవరూ చెప్పరు. "నీ వల్లే" అనే మాట మాత్రం చెబుతారు. పన్నెండేళ్ల కొడుకుని రెండు చేతులా ఎత్తి మరుగుదొడ్డికి తీసుకెళ్లే తల్లి దగ్గరికెళ్లి, ప్రయోగాత్మక మందులన్నీ కంపెనీల కుట్ర అని నేను చెప్పలేను.

అయినా, మందు మంచిదా చెడ్డదా అని అడిగేముందు ఎవరు ఇస్తున్నారు, ఏమని చెప్పి ఇస్తున్నారు అని అడగాలి. దీన్ని నాకు నేర్పింది తూర్పు జర్మనీ కథ. 1974 నుంచి అక్కడి ప్రభుత్వం 14.25 అనే సంఖ్యతో ఒక రహస్య ప్రణాళిక నడిపింది. క్రీడాకారులకి, అందులోనూ ముఖ్యంగా ఆడపిల్లలకి, ఓరల్ ట్యూరినాబోల్ అనే స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చేవాళ్లు. నీలం రంగు మాత్రలు. విటమిన్లు అని చెప్పేవాళ్లు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల ఈత పోటీలు 13 జరిగితే 11 బంగారు పతకాలు ఆ దేశపు అమ్మాయిలే గెలుచుకున్నారు. వాళ్ల గొంతులు అంత బొంగురుగా ఎందుకున్నాయని విలేకరులు అడిగితే, ఈత కొట్టడానికి వచ్చాంగానీ పాడటానికి కాదు అని ఒక కోచ్ జవాబిచ్చినట్టు చెప్పుకుంటారు. అది హాస్యంగా పత్రికలకెక్కింది. ఆ పిల్లల్లో పద్నాలుగు పదిహేనేళ్లవాళ్లున్నారు.

పరీక్షలు పూర్తికాని మందులు కూడా వాడారు. ఎస్.టి.ఎస్. 646 అనే స్టెరాయిడ్‌ని మనుషుల మీద వాడకానికి ఎలాంటి అనుమతీ రాకముందే క్రీడాకారులకి పంచారు. బెర్లిన్ గోడ కూలాక, బాద్ సారో అనే ఊళ్లోని సైనిక వైద్య అకాడమీలో భద్రపరిచిన పరిశోధనా పత్రాలు బయటపడ్డాయి. ఎవరికి ఎంత మోతాదు ఇచ్చారో, ఏ మార్పులొచ్చాయో అన్నీ రాసి పెట్టుకున్నారు. మాజీ డిస్కస్ క్రీడాకారిణి బ్రిగిట్టె బెరెండోంక్, ఆమె భర్త, జీవశాస్త్రవేత్త అయిన వెర్నర్ ఫ్రాంకె వాటిని వెలికితీశారు. బెరెండోంక్ 1991లో పుస్తకం వేసింది. తెలిసినవాళ్లకి అన్నీ తెలుసు. తెలియనిదల్లా మాత్ర మింగిన పిల్లకే.

2000లో బెర్లిన్ కోర్టు అప్పటి క్రీడాధికారి మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌నీ, వైద్యుడు మాన్‌ఫ్రెడ్ హోప్నర్‌నీ దోషులుగా తేల్చింది. ఒకరికి 22 నెలలు, ఇంకొకరికి 18 నెలలు. రెండు శిక్షలూ అమలు కాకుండా నిలిపివేసినవే. జైలుకి ఎవరూ పోలేదు. 2002లో బాధితుల కోసం ఒక చట్టం చేస్తే ఒక్కొక్కరికి 10 వేల యూరోలకి కాస్త పైగా దక్కింది. కాలేయం పాడైనవాళ్లు, గర్భాలు నిలవనివాళ్లు, మానసికంగా కుంగిపోయినవాళ్లు ఆ డబ్బు కోసం కాగితాలు పట్టుకుని తమ బాధని రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

ఆ సాక్షుల్లో ఆండ్రియాస్ క్రీగర్ ఒకరు. 1986లో షాట్‌పుట్‌లో యూరప్ ఛాంపియన్ అయినప్పుడు అతని పేరు హైడి. పదహారేళ్ల వయసు నుంచి ఆ మాత్రలు మింగాల్సి వచ్చింది. 1997లో లింగమార్పిడి చేయించుకున్నాడు. ఇతని కథని చాలామంది "మందులు ఆడదాన్ని మగవాణ్ణి చేశాయి" అని వింతగా రాశారు. అతను చెప్పింది వేరు. తను ఎవరో తనకు తానుగా తేల్చుకునే అవకాశాన్ని తన నుంచి లాగేసుకున్నారని అతని ఫిర్యాదు. ఈ తేడాని మనం పట్టుకోవాలి. ఎందుకంటే ఈ మందుల మీద మామూలుగా వినబడే అభ్యంతరం, ఆడవాళ్లు మగరాయుళ్లయిపోతారు అనేది. కండబలమున్న ఆడదాన్ని చూసి నవ్వే సమాజం మాట అది. మన అభ్యంతరం ఆ మాటతో కలవకూడదు. గొంతు బొంగురుపోవడం, ముఖం మీద వెంట్రుకలు, ముట్లు ఆగిపోవడం, క్లిటోరిస్ పెరగడం, ఇవన్నీ స్టెరాయిడ్ల వల్ల జరుగుతాయి. వీటిలో గొంతు మార్పు, క్లిటోరిస్ పెరుగుదల మందు మానేసినా వెనక్కి పోవు. ఒక మనిషి అన్నీ తెలిసి ఈ మార్పుల్ని కోరుకోవచ్చు. పద్నాలుగేళ్ల పిల్లకి విటమిన్ అని చెప్పి వీటిని తెప్పించడం హింస. ఆడతనం పోయిందని కాదు, అడగలేదు కనక.

ఇది ఎక్కడో గోడ అవతలి దేశం సంగతి అనుకోనక్కర్లేదు. 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల్లో 4 X 400 మీటర్ల రిలేలో బంగారు పతకం తెచ్చిన జట్టులోని ముగ్గురితో సహా మొత్తం ఆరుగురు మహిళా అథ్లెట్లు 2011లో స్టెరాయిడ్ పరీక్షల్లో పట్టుబడ్డారు. కోచ్ ఇచ్చిన జిన్సెంగ్ మాత్రలే వేసుకున్నామని వాళ్లు చెప్పారు. విదేశీ కోచ్‌ని తొలగించారు. అమ్మాయిలకి మొదట ఏడాది నిషేధం పడింది, అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాన్ని రెండేళ్లు చేసింది. కొన్నేళ్లకి అదే కోచ్ తిరిగి భారత అథ్లెట్లకి శిక్షణ ఇచ్చాడు. పోగొట్టుకున్న ఆ రెండేళ్లని అమ్మాయిలకి ఎవరిచ్చారు?

ద్యుతీ చంద్ విషయం ఇంకా చిక్కు. ఒడిశా చేనేత కుటుంబంలో పుట్టి, హైదరాబాద్‌లో శిక్షణ తీసుకున్న అమ్మాయి. 2014లో ఆమె శరీరంలో సహజంగా ఉన్న టెస్టోస్టెరాన్ ఆడదానికి ఉండాల్సినదానికన్నా ఎక్కువని చెప్పి పోటీల నుంచి తప్పించారు. తగ్గించుకోవాలంటే మందులో ఆపరేషనో అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. నా శరీరం ఇంతే అని పోరాడి 2015లో ఆ నియమాన్నే నిలుపుదల చేయించింది. 2018 ఆసియా క్రీడల్లో రెండు వెండి పతకాలు తెచ్చింది. అదే ద్యుతీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన నమూనాల్లో ఆస్టరిన్‌తో సహా సార్మ్స్ దొరికాయి. 2023లో నాలుగేళ్ల నిషేధం వేశారు. ఫిజియోథెరపిస్ట్ సలహా మీద వేసుకున్న మందు అని ఆమె వాదన. అధికారులు దాన్ని ఒప్పుకోలేదు. తప్పు ఆమెది కాదని నేను వాదించడం లేదు, నాకంత వివరం తెలియదు. నేను చూస్తున్నది ఒకటే. శరీరంలో ఉన్న హార్మోన్‌ని తగ్గించుకోమన్నప్పుడూ, బయటినుంచి ఏదో లోపలికి వెళ్లినప్పుడూ, విచారణకి నిలబడింది ఆ ఒక్కతే. చుట్టూ ఉన్న కోచ్‌లు, డాక్టర్లు, సమాఖ్యల పెద్దలు గదిలో కనబడరు.

కబడ్డీ అమ్మాయి డబ్బా దగ్గరికి వస్తాను. 2017లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, సార్మ్స్ పేరుతో అమ్ముడవుతున్న 44 సరుకుల్ని పరీక్షించారు. 23లో మాత్రమే నిజంగా సార్మ్స్ ఉన్నాయి. 17లో అనుమతిలేని వేరే మందులున్నాయి. నాలుగింటిలో అసలు మందే లేదు. అంటే ఆ అమ్మాయి ఏం మింగబోతోందో ఇచ్చిన ఆయనక్కూడా తెలిసే వీలు లేదు. కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వస్తున్నాయి. గుండెపోటు ప్రమాదం గురించి 2017లోనే అమెరికా నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఇక ఆడపిల్ల ముట్ల మీద, రేపు గర్భం మీద ఇవి ఏం చేస్తాయో ఎవరు చెప్పాలి? ఇలాంటి మందుల పరీక్షల్లో గర్భం వచ్చే వయసులో ఉన్న ఆడవాళ్లని చేర్చుకోరు, చేర్చుకున్నా గర్భనిరోధకాలు తప్పనిసరి చేస్తారు. భద్రత కోసమే అంటారు, నిజమే. కానీ దాని ఫలితంగా బజారులోకి వచ్చాక మన శరీరమే మొదటి ప్రయోగశాల అవుతోంది.

ఇంతకన్నా పెద్ద ఆశలు పుట్టించిన మందులు వేరే ఉన్నాయి. కండ మరీ పెరిగిపోకుండా శరీరమే మయోస్టాటిన్ అనే ప్రోటీన్‌తో కళ్లెం వేస్తుంది. 1997లో అమెరికాలో సె-జిన్ లీ, అలెగ్జాండ్రా మెక్‌ఫెరాన్ ఈ జన్యువు లేని ఎలుకల్ని తయారుచేస్తే వాటికి రెట్టింపు కండ వచ్చింది. బెల్జియన్ బ్లూ అనే పశువుల జాతిలో ఈ జన్యులోపం పుట్టుకతోనే ఉంటుంది. ఆ ఎద్దుల ఫోటోలు చూసి అందరూ ఆశ్చర్యపోతారు. ఆ ఆవులు మాత్రం ఎక్కువగా కడుపు కోస్తేగానీ ఈనలేవు. కండలు తిరిగిన దూడ ఖరీదు ఆవు కట్టుకుంటోందన్నమాట.

ఆ కళ్లెం తెంచే మందుని డుషేన్ పిల్లలకిచ్చి పరీక్షిస్తే, ముక్కు నుంచీ చిగుళ్ల నుంచీ రక్తం రావడంతో 2011లో ఆపేశారు. ఇంకొకటి పనిచేయడం లేదని 2018లో ఆపేశారు. వెన్నెముక కండర క్షీణత ఉన్న పిల్లల మీద ఇలాంటి ఒక మందు కొంత మేలు చేసిందని 2024లో ఫలితమొచ్చింది. ఆ తల్లుల ఆశ ఉత్తిది కాదు. ఇంకో మందు కథ వేరేగా నడిచింది. బిమాగ్రుమాబ్ అనేదాన్ని మొదట కండరాల వాపుతో నడవలేని ముసలివాళ్ల మీద పరీక్షిస్తే 2016లో విఫలమైంది. మధుమేహం ఉన్న స్థూలకాయుల మీద చేసిన పరీక్షలో 48 వారాల్లో కొవ్వు 20 శాతం తగ్గి కండ కొంచెం పెరిగిందని 2021లో తేలింది. బరువు తగ్గించే ఇంజెక్షన్లు కొవ్వుతో పాటు కండనీ కరిగిస్తాయి గనక, ఇప్పుడు వాటికి జోడీగా దీన్ని పరీక్షిస్తున్నారు. నడవలేనివాళ్ల కోసం మొదలైన మందు నాజూకు శరీరాల బజారుకి చేరుతోంది. ఆ బజారులో కొనుక్కోమని ఎక్కువ ఒత్తిడి ఎవరిమీద ఉంటుందో వేరే చెప్పాలా? ఈ మందు మయోస్టాటిన్‌నే కాక యాక్టివిన్ అనే ప్రోటీన్‌ని కూడా అడ్డుకుంటుంది. అండాశయాన్ని నడిపించే ఎఫ్.ఎస్.హెచ్. హార్మోన్‌ని విడుదల చేయిస్తుంది కనకనే యాక్టివిన్‌కి ఆ పేరొచ్చింది. దాన్ని అడ్డుకుంటే అండం విడుదల ఏమవుతుంది అనేది పెళ్లికి ముందు సన్నబడమని ఇంజెక్షన్ వేయించుకునే పిల్ల అడగాల్సిన మొదటి ప్రశ్న. ప్రకటనలో అది ఉండదు.

ఈ ప్రశ్నలు మన ఉద్యమానికి కొత్తవి కావు. 1985లో పటాన్‌చెరులో నెట్ ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ఇస్తున్నప్పుడు, ఇది ప్రయోగమని అక్కడి స్త్రీలకి ఎవరూ చెప్పలేదు. స్త్రీ శక్తి సంఘటన వాళ్లు వెళ్లి మాట్లాడితేనే ఆ సంగతి బయటపడింది. 1986లో సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేలమంది ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార కాన్సర్ టీకా వేసినప్పుడు, తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. ఆ టీకా ఉపయోగకరమైనదే, పిల్లల మరణాలకి టీకా కారణం కాదని విచారణ సంఘం కూడా చెప్పింది. అయినా అనుమతి తీసుకున్న తీరుని 2013లో పార్లమెంటరీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. 2011లో అప్పటి గుంటూరు జిల్లా పిడుగురాళ్ల నుంచి పేద స్త్రీలని హైదరాబాద్ తీసుకొచ్చి కాన్సర్ మందుల పరీక్షకి వాడుకున్న సంగతి పత్రికల్లో వచ్చాక, ఆ సంస్థ అనుమతిని నిలిపివేశారు. ఈసారి కండ మందుల పరీక్షలకి మనుషులు కావాల్సొస్తే ఏ ఊళ్ల నుంచి తెస్తారో, ఏ క్రీడా హాస్టల్ వార్డెన్ సంతకం పెడతారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ఈ వ్యాసం చదివిన ఒక మిత్రురాలు, అన్నిటినీ నిషేధించమని రాయి అంది. ఇంకొకామె, నా శరీరం నా ఇష్టం అన్నది మన నినాదమే కదా, పెద్దవాళ్లయిన అమ్మాయిల్ని ఎందుకు ఆపుతావు అంది. మొదటి మాట ఆ డుషేన్ తల్లికి తలుపు మూసేస్తుంది. రెండో మాటకి, డబ్బాలో ఏముందో తెలియని చోట ఇష్టానికి అర్థం లేదన్నదే నా జవాబు. అడగాల్సింది అడుగుదాం. 2019 క్లినికల్ ట్రయల్ నియమాలు మనకి కొన్ని ఆయుధాలిచ్చాయి. అర్థమయ్యే భాషలో సమాచారం, నిస్సహాయ స్థితిలో ఉన్నవాళ్లు కొత్త రసాయనాల పరీక్షలో చేరితే అనుమతి తీసుకోవడాన్ని వీడియో తీయడం, హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం. వీటిని కార్యకర్తలు కంఠతా పట్టాలి. క్రీడా హాస్టళ్లలో పిల్లలకి ఇచ్చే ప్రతి మాత్ర పేరూ తల్లికి తెలియాలి. అమ్మాయి పట్టుబడితే మాత్ర ఇచ్చినవాడి పేరు కూడా విచారణలో రావాలి. ముట్లుడిగిన స్త్రీల మీద పరీక్షలు జరగాలి, జరిపి ఫలితం మంచిదైనా చెడ్డదైనా బయటపెట్టాలి.

అరవై ఏళ్ల ఆమె దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఫిజియోథెరపీ చదివిన ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్తే, మంచం పట్టె పట్టుకుని రోజూ పదిసార్లు కూచుని లేవమని, పప్పూ గుడ్డూ తినమని చెప్పింది. కండకి ఇప్పటికి రుజువైన మందు ఇదేనట. "కూచుని లేస్తాలేగానీ, గుడ్డు ఎవరు పెడతారు?" అంది ఆమె. అంగన్‌వాడీలో గుడ్డు గర్భిణులకీ బాలింతలకీ పిల్లలకీ ఉంది. ఆమెకి లేదు.

కబడ్డీ అమ్మాయి ఆ డబ్బా నా దగ్గరే వదిలేసింది. తయారీదారు చిరునామా లేదు, లైసెన్స్ నంబరు లేదు, "పరిశోధన కోసం మాత్రమే" అని చిన్న అక్షరాల్లో ఉంది. మీ ఊళ్లో జిమ్‌లలో, కోచింగ్ శిబిరాల్లో ఆడపిల్లలకి ఇలాంటివి ఇస్తుంటే లేబుల్ మీది మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి, ఎంతకి అమ్మారో, ఏం చెప్పి అమ్మారో పత్రిక చిరునామాకి పంపండి. అమ్మాయి పేరు రాయకండి. ఔషధ నియంత్రణ అధికారికి ఇవ్వబోయే ఫిర్యాదులో అవన్నీ జతచేస్తాం.